రెండు లోన్లను ఒక్కటి చేయడానికి

అనకాపల్లి కొత్త జిల్లా అయిన ఏడాది నన్ను అక్కడి బ్యాంకు బ్రాంచికి చీఫ్ మేనేజరుగా వేశారు. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగు.

కె. కోటపాడు దగ్గరి పల్లె నుంచి నూకరత్నం అనే అమ్మాయి తన తండ్రి అప్పారావుతో వచ్చింది. ఆయన చెరకు రైతు. ఆమె బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి అనకాపల్లిలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. చదువుకు మా బ్రాంచే విద్యా రుణం ఇచ్చింది. మధ్యలో కాలేజీ ఫీజు పెంచి, పెంచిన భాగానికి తమకు తెలిసిన ఫైనాన్స్ కంపెనీని చూపించింది. మా రుణానికి చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలుండవు. దాన్ని మారటోరియం అంటాం. కంపెనీ అప్పుకు అలాంటి వెసులుబాటు లేదు, వడ్డీ కూడా చాలా ఎక్కువ. రెండూ కలిపి ఒకే రుణం చేయమని అడిగారు. మా భాషలో అది టేకోవర్. నిబంధనలు ఒప్పుకుంటాయి.

దానికి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు కావాలి. ఫలానా తేదీకి ఇంత కడితే అప్పు తీరిపోతుందని కంపెనీ ఇవ్వాల్సిన కాగితం అది. తండ్రీకూతుళ్లు ఎన్నిసార్లు వెళ్లి అడిగినా ఇవ్వలేదు. సిస్టమ్ పనిచేయడం లేదన్నారు, హెడ్డాఫీసు నుంచి రావాలన్నారు. ఈలోగా ఒక వాయిదా ఆలస్యమైతే వసూలు మనిషిని నేరుగా ఆస్పత్రికే పంపారు. వాడు వార్డులో, పేషెంట్ల ముందు ఆమెను నిలదీశాడు. ఆస్పత్రివాళ్లు ఆమెనే డ్యూటీకి రావద్దన్నారు.

అప్పారావు నా ఎదుట కూర్చుని, గొంతు పెంచకుండానే అన్నాడు: “ఎగ్గొడతామని ఎవులన్నారమ్మా? ఒక్క కాడే కట్టుకుంటామంటే దారియ్యరేటి?”

మా రీజినల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఉద్యోగం లేని పిల్ల అప్పు నెత్తిన వేసుకోవద్దన్నారు. ఇతర బ్యాంకుల కారు లోన్లు లాక్కురమ్మని మాకు టార్గెట్లు పెట్టేదీ ఆ ఆఫీసే. కారున్నవాడు మా దగ్గరికి మారితే వ్యాపారం, చదువుకున్న పిల్ల మారితే తలనొప్పి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు తండ్రీకూతుళ్లతో కలిసి కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మేనేజరు నాకు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, వచ్చే వారం తప్పకుండా ఇస్తానన్నాడు. వాళ్లిద్దరూ నిలబడే ఉన్నారు. నేను జవాబిచ్చేలోపే నూకరత్నం స్టేట్‌మెంటు కోసం రాసుకొచ్చిన దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టింది.

“ఇత్తానని సెప్పకండి సార్. ఇవ్వనని రాసియ్యండి. అది పట్టుకుని రిజర్వు బ్యాంకుకి కంప్లైంట్ ఎడతాను.”

ఆయన నా వైపు చూశాడు. దరఖాస్తు అందినట్టు ముద్ర వేయమన్నాను. వేశాడు. అన్నాళ్లూ పనిచేయని సిస్టమ్ ఆ వారంలోనే పనిచేసి, స్టేట్‌మెంటు మెయిల్లో వచ్చింది. అప్పు ముందే తీర్చేస్తున్నందుకు అదనపు చార్జీ కూడా అందులో వేశారు. దాన్ని తీయించలేకపోయాను.

నా అధికార పరిధిలోనే, తండ్రిని సహ రుణగ్రహీతగా చూపి, రుణం మంజూరు చేశాను. రీజినల్ ఆఫీసు సంజాయిషీ అడిగింది. ఇలాంటి టేకోవర్ చేయొచ్చన్న వాళ్ల సర్క్యులర్‌నే జతచేసి జవాబిచ్చాను, వాళ్లు మళ్లీ రాయలేదు. పాత ఆస్పత్రి మాత్రం నూకరత్నాన్ని తిరిగి తీసుకోలేదు. ఆమె పాయకరావుపేటలో ఇంకోచోట చేరి, మారటోరియం పూర్తి కాకముందే వాయిదాలు మొదలుపెట్టింది.

ఆ తర్వాత టేకోవర్ కోసం ఎవరొచ్చినా, ముందు వాళ్ల దరఖాస్తు మీద పాత కంపెనీ ముద్ర వేయించుకు రమ్మనేదాన్ని. నోటితో ఎన్నిసార్లు అడిగినా, వాళ్ల లెక్కలో అడగనట్టే.