కోటమ్మ సాలులో ఎర్ర కాగితాలు

మొన్న పూజకని కోసిన మందారమొగ్గ విచ్చుకోలేదని గోటితో రేకులు విడదీశాను. పచ్చి జిగురు వాసన ముక్కుకు తగిలింది. పత్తిమొగ్గదీ అదే వాసన. నలభై ఏళ్ళయింది నేను పత్తిమొగ్గ ఒలిచి. ఆ వాసన వెనకాలే రత్తమ్మక్క వచ్చి నిలబడింది, తలకు తువ్వాలు చుట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నోటికొచ్చిన వరసలోనే చెబుతున్నాను.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఆ రోజుల్లో ఒక విత్తనాల కంపెనీ పత్తి వేయించేది. ఆ చేలల్లో మాది క్రాసింగు పని. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే పట్టుకుని, రేకులూ పుప్పొడీ గోటితో ఒలిచేసి, మధ్యలో పుల్లలాంటి ఆడభాగం మాత్రం ఉంచి, దానికి ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున కాగితం తీసి వేరే రకం పువ్వు తెచ్చి రుద్దాలి. ఒలవకుండా వదిలేస్తే ఆ పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఆ గింజ కొన్న రైతు ఏడాదంతా మోసపోతాడు. మనిషికో సాలు. మా ముఠాకు మేస్త్రి రత్తమ్మక్క. గోరు ఎలా దించాలో నాకు నేర్పింది ఆవిడే. "చంటిదాని నోట్లోంచి రొమ్ము తప్పించినట్టు తియ్యవే పిల్లా, కోడి మెడ విరిచినట్టు కాదు" అనేది. నోరు పెద్దది. తప్పు కనబడితే చేనంతా వినబడేట్టు తిట్టేది.

నా పక్క సాలు కోటమ్మది. ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి గుసగుసగా అంది: "వెంకాయమ్మా, మా అమ్మకు మాట పడిపోయిందంట. నా సాలు కూడా నువ్వు చూడవే. అక్కతో అనకు, చంపుద్ది." సరే పొమ్మన్నాను. నా సాలు అయ్యేసరికి పొద్దు వాలిపోయింది. ఇంటి దగ్గర మా ఆయన దగ్గుతూ గంజి కోసం చూస్తుంటాడు. కోటమ్మ సాలు సగం వరకు ఒలిచాను. మిగతా సగానికి మొగ్గలు ఒలవకుండానే కాగితాలు తొడిగేశాను. ఒక్కరోజు కాయలేగా, ఎవరు చూస్తారులే అనుకున్నాను.

పొద్దున్నే కంపెనీ మనిషి వచ్చాడు. కోటమ్మ సాలులో కాగితం లాగితే లోపల నిండు పువ్వు. ఇంకోటి లాగితే ఇంకో పువ్వు. రత్తమ్మక్క ముఖం కందగడ్డయింది. "ఏమే కోటమ్మా, పొలానికొచ్చావా పేరంటానికొచ్చావా? మొగ్గలకు టోపీలు పెట్టి నన్ను గుడ్డిదాన్ని చేద్దామనుకున్నావటే?" కోటమ్మ ఏదో చెప్పబోయింది. "నోరు ముయ్యి. నడువు. నా ముఠాలో మళ్ళీ కనబడకు." కోటమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. నేను చేతిలో పువ్వు వైపు చూశాను. ఆమె బుట్ట కింద పెట్టి గట్టు మీదుగా వెళ్ళిపోయింది. మోసం చేసిందన్న పేరు పడ్డాక ఊళ్ళో ఇంకే ముఠా ఆమెను పిలవలేదు. తల్లి పోయింది. కోటమ్మ వేటపాలెం వెళ్ళి జీడిపప్పు షెడ్డులో పనికి చేరిందని విన్నాం.

నేను ఏడవలేదని కాదు. రోజూ ఏడ్చాను. ఆమె ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కూర గిన్నె పట్టుకెళ్ళి ఆ గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం కాలవగట్టున అన్నాలు తింటుండగా రత్తమ్మక్కకు చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది ఆవిడకు. "నేనూ అడగలేదు కదే. అది చెప్పబోతే నోరు ముయ్యమన్నాను" అంది. చెయ్యి కడిగేసుకుంది. నేను ఏడుస్తుంటే చూసి, "ఎన్నాళ్ళ నుంచి ఇట్టా ఏడుస్తున్నావు? నీ ఏడుపు నీ దిండు తడిపింది. కోటమ్మకేం అందింది?" అంది.

మర్నాడు ముఠా అంతటినీ నిలబెట్టి, "కోటమ్మ తప్పు చెయ్యలేదు. అడక్కుండా తరిమింది నేను" అంది. "మరి ఎవరు చేశారక్కా?" అన్నారెవరో. "అది చేసినవాళ్ళు చెప్పుకోవాలి. నాది నేను చెప్పుకున్నాను." నేను తల ఎత్తలేదు.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని వేటపాలెం బస్సెక్కింది. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని జీడిగింజలు కొడుతున్నారు. కోటమ్మ వేళ్ళు జీడి రసానికి నల్లబడి తోలు ఊడిపోయి ఉన్నాయి. రత్తమ్మక్క అందరి మధ్యా నిలబడి చేతులు జోడించింది. "నలుగురిలో నిన్ను మాటన్నాను కోటమ్మా. నలుగురిలోనే చెబుతున్నా, తప్పు నాది. వస్తానంటే తీసుకుపోతాను." కోటమ్మ చేతిలో గింజ కింద పెట్టింది. "ఇప్పుడెక్కడికి రానక్కా. అమ్మ కూడా లేదుగా" అంది. తరవాత నా వైపు తిరిగింది. "నువ్వెందుకొచ్చావే?"

అంతకంటే తేలిగ్గా ఎవరూ అడగరు. ఆ తప్పు నాదేనన్న ఒక్క మాట చాలు. నేను సంచిలోంచి అరటిపళ్ళు తీసి ఆమె ఒడిలో పెట్టి, "చూసిపోదామని" అన్నాను.

"చూశావుగా" అంది కోటమ్మ. గింజ అందుకుంది.

గుంటూరులో బస్సు దిగేటప్పుడు రత్తమ్మక్క, "అరటిపళ్ళు ఇచ్చావు" అంది. అంతే. మళ్ళీ జన్మలో ఆ సంగతి ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ మారిపోయింది. సాలులో ఎంత తప్పు కనబడినా ముందు "ఏం జరిగిందమ్మా?" అని అడిగి, చెప్పిందాకా ఆగేది. మేస్త్రికి కోరలు ఊడినయ్ అని వెనక నవ్వుకునేవాళ్ళు. నవ్వనిచ్చేది. మా ఆయన పోయాక ఆ ముఠాను నాకే అప్పగించింది. నేనూ అడగకుండా ఎవరినీ ఒక్క మాట అనలేదు. అది ఆవిడ నాకిచ్చిన బుద్ధి.

రత్తమ్మక్క పోయాక నేను ఒంటరిగా వేటపాలెం వెళ్ళాను. కోటమ్మ లేదు. ఎటో వెళ్ళిందన్నారు, ఎటో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చి మా ముఠాలో మిగిలినవాళ్ళను కూర్చోబెట్టి, ఆ కాగితాలు తొడిగింది నేనేనని చెప్పాను. "ఎప్పటి సంగతే అది! ఎవరికి గుర్తుంది?" అని ఒకామె వక్క నములుతూ నవ్వింది. వాళ్ళ దగ్గర కోటమ్మ మీద ఇంకా ఏమైనా మచ్చ మిగిలుంటే అదీ పోయింది. పశ్చాత్తాపమంటే ఏడవడమే అనుకునేదాన్ని ఒకప్పుడు. ఏడవకుండా బస్సెక్కిన మనిషిని చూశాను. నేనూ ఆ బస్సే ఎక్కాను. కానీ కోటమ్మ ఎదురుగా నిలబడి అడిగిన రోజున చెప్పని మాట, తరవాత ఎంతమందికి చెప్పినా, ఇంకా నా దగ్గరే ఉంది.