ఎండిన బావిలో అరబ్బీ పాఠం

ఆ కాలంలో మా కంబదూరు వైపు పల్లెల్లో నీడ కావాలంటే బావిలోకి దిగాల్సిందే. వానలు మొహం చాటేసి బావులన్నీ ఎండిపోయాయి కాబట్టి మునిగిపోతామన్న బెంగ ఎవరికీ లేదు. నాకప్పుడు మీసాలు వచ్చీ రాని వయసు. దూది ఏకే మా నాయన, ఆ దుమ్ములోంచి నన్ను తప్పించాలని, మసీదులో ఉండే ముసలి హజరత్ దగ్గర అరబ్బీ వ్యాకరణానికి కూర్చోబెట్టాడు. ఇంట్లో మేమంతా తెలుగు మాట్లాడేవాళ్లమే. అరబ్బీ నాకు నమాజులో అప్పజెప్పడం వచ్చు గానీ అర్థమయ్యేది కాదు.

హజరత్ పాఠం చెప్పే తీరే వేరు. వాక్యంలోని ఒక్కో మాటనూ నిలబెట్టి విచారించాలి. "ఎవరు నువ్వు? ఎవరితో వచ్చినావు? నిన్ను పట్టుకున్నదెవరు?" అని. ఆ మాట తరఫున జవాబూ మనమే చెప్పాలి. జైద్ అమ్రును కొట్టాడు, ఇదీ మొదటి వాక్యం. (ఎందుకు కొట్టాడో హజరత్ చెప్పలేదు. అడిగినందుకు నాకూ ఒకటి పడింది.)

ఇంట్లో దూదేకే మోత భరించలేక, వల్లె వేయడానికి ఊరి బయట బావి ఒకటి చూసుకున్నాను. అటు ఎవరూ రారు. నీళ్లు పడేదాకా పైకి రానని పంతం పట్టి తవ్విన ముసలాయన, గట్టు విరిగిపడి అందులోనే పోయాడు. ఆయన భార్యను ఊరంతా బాయవ్వ అనేవాళ్లు. మొగుడు ఇంకా లోపలే ఉన్నాడనీ, పిలిస్తే పైకి వస్తాడనీ ఆమె నమ్మకం. ఉన్నాడన్న గుర్తు మాత్రం దొరకాలి. గుర్తు లేకుండా పిలిస్తే ఇంకేదో పైకొస్తుందని ఆమె భయం.

నేను మెట్ల మీద కూర్చుని, హజరత్ గొంతుతో గద్దిస్తూ, మాటల గొంతుతో సన్నగా జవాబు చెప్పుకుంటూ చదివేవాణ్ణి. ఒకరోజు పై మెట్టు మీద కుంకుమ అద్దిన నిమ్మకాయ, వేపమండలు కనిపించాయి. మా వైపు దయ్యం పట్టినవాళ్లను అడిగే ప్రశ్నలు కూడా అచ్చం హజరత్ నేర్పినవే. నా గొంతులు విన్నవాళ్లెవరో అవి పెట్టారని నాకు తట్టాలి కదా, తట్టలేదు. బావిలో నిజంగానే ఏదో ఉందనుకుని, భయం పోవడానికి ఇంకా గట్టిగా చదివాను.

"ఎవరు నువ్వు?" అని గద్దించి నేను జవాబు చెప్పేలోగా, అదే ప్రశ్న పైనుంచి వచ్చింది.

"ఎవరప్పా నువ్వు?"

అలవాటు కొద్దీ అమ్రు చెప్పాల్సిన జవాబే నోట్లోంచి వచ్చింది.

"దెబ్బ తిన్నోణ్ణి. పట్టుకోనుండారు. ఇడ్సలేదు."

పైన ఏడుపు వినిపించింది. అది విని లోపల ఉండలేక పుస్తకం పట్టుకుని పైకెక్కాను.

బాయవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "దూదేకులాయన కొడుకువి గదా. ఈడేం జేస్తాండావు?"

"సదువుకుంటాండా అవ్వా. రెండు గొంతులూ నావే."

ఆమె మొహం వాడిపోయింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కళ్లు తుడుచుకుని ఆమె నెమ్మదిగా అడిగింది.

"అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే. సరే. మరి నడుమ దగ్గేదెవరు?"

నేను దగ్గలేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ మాటే చెప్పాను.

అవ్వ బావి మీదికి వంగి, చేన్లోంచి అన్నానికి పిలిచినంత మామూలుగా పిలిచింది. "నీళ్లు పడకపోతే పోనీలే. తవ్వింది సాలు. పైకి రా, పోదాం." తర్వాత కొంగు బిగించుకుని ఇంటిదారి పట్టింది. ఆ సన్నటి బాటలో, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు, ఒక అంచునే నడిచిపోయింది. నేను మళ్లీ ఆ బావిలోకి దిగలేదు.

బావి గోడలో పావురాలై ఉంటాయని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. (పావురాలు దగ్గుతాయా అని మాత్రం ఎవరినీ అడగలేదు.) ఆ చదువుతోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రాలు ఖాళీ గదిలో ఒక వాక్యం ముందేసుకుని "ఎవరు నువ్వు?" అని గద్దిస్తుంటాను. వెంటనే దగ్గు వినిపిస్తుంది. ఉలిక్కిపడి వెనక్కి చూస్తాను. అది నా దగ్గేనని తెలిసి నవ్వుకుంటాను. అంతలో వంటింట్లోంచి మా ఆవిడ కేక. "సదివింది సాలు. లేసి రా." నేను ఒక్క పిలుపుకే లేస్తాను.