గుండ్ల ఒర్రెలో రెండు ఈలలు

ఈ పోస్ట్ ఇవాళే రాయాలి.

మన అభయారణ్యంలో ముందుగా దేని మీద రీసెర్చ్ జరగాలో చెప్పే లిస్ట్‌ను మా టీమ్ శనివారం పంపేస్తుంది. అందులో సాయిలు తాత ప్రశ్న నిలబడాలంటే మీ సాయం కావాలి.

తాత నిన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కుతుంటే ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామ లేడు చెల్లె" అంది.

"అడవికి పోయిండా? ఎప్పుడొస్తడు?" అని అడిగాను.

అవతల ఆమె ఏడుపందుకుంది. అప్పుడు అర్థమైంది.

మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. పుస్తకాల్లో లేని అడవిని చూపించింది మాత్రం, తునికాకు తెంపుతూ అక్కడే ముసలివాడైన తాత.

అడవిలోకి అడుగుపెట్టే ముందు రెండు ఈలలు వేసేవాడు. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

"మనమొచ్చినమని చెప్పాలె గద బిడ్డా. చెప్పకుంట ఎవలింట్లకన్న పోతమా?"

ఏదో ఒక పిట్ట బదులు పలికేది.

ఒక్క గుండ్ల ఒర్రె అనే వాగులో తప్ప.

అక్కడ చెట్లున్నాయి, నీళ్లున్నాయి. కూత లేదు. కీచురాయి కూడా లేదు. ఆకుల మీద నడిస్తే, వెనక ఇంకెవరో వస్తున్నట్టు మన అడుగులే వినిపిస్తాయి.

ఆ రీసెర్చ్ లిస్ట్ కోసం నేను రాసిన ప్రశ్నలు ఆయనకు చదివి వినిపించాను. మొదటిది: ఏ జంతువులు ఎన్ని ఉన్నాయి?

తాత నవ్వాడు. "ఉన్నయి లెక్కవెడ్తరు మేడమ్. పోయినయి ఎవలు లెక్కవెడ్తరు? గీ ఒర్రె ఎందుకు మూగవోయిందో, గది ముందుగల్ల రాయి."

రుజువు లేదన్నాను. రాయలేదు.

రుజువు కోసమే అక్కడ సౌండ్ రికార్డర్ కట్టాం. "గీ డబ్బకు చెవులే వెట్టిన్రా, నోరు వెట్టలేదా?" అన్నాడు.

ఇవాళ పొద్దున దాన్ని విప్పి తెచ్చి విన్నాను.

వారం పాటు ప్రతి సాయంత్రం తాత ఈలలే. నాకు చెప్పకుండా ఒక్కడే వెళ్లాడు. ఈల వేసి, ఆగి, దగ్గి, వెళ్లిపోయాడు.

నిన్న సాయంత్రం కూడా ఉన్నాయి.

ఒకటి పొడుగ్గా. ఒకటి పొట్టిగా.

దగ్గు లేదు. అడుగులు లేవు.

అప్పటికి మేం ఆయన్ని సాగనంపి వచ్చి స్నానాలు చేస్తున్నాం.

విన్న కూతను అనుకరించే పిట్టలుంటాయి. అలాంటిదొకటి ఒర్రెకు తిరిగొచ్చి తాత ఈల నేర్చుకుని ఉండొచ్చు. అలాగే కావాలని నా ఆశ. కానీ నాకు తెలియదు.

అందుకే ఆయన ప్రశ్నను మొదటికి మార్చాను. నా ఒక్కదాని మాట చాలదు.

తునికాకుకు పోయే అవ్వలు, అన్నలు, గుండ్ల ఒర్రెలో చివరిసారి పిట్ట కూత ఎప్పుడు విన్నారో శుక్రవారం సాయంత్రంలోగా కామెంట్‌లో చెప్పండి. రాయడం రానివాళ్లను అడిగి మీరు రాయండి.

తాతా, నిమ్మళంగా పడుకో. ఈసారి బదులు మేం పలుకుతాం.