వదిన కంప్యూటర్ తుడిచిన రోజు

ఆమెను వీధంతా వదిన అనే పిలిచేది. ఆ పిలుపు మొదలైంది ఆడపడుచు నోటి నుంచే. కొట్టు ముందు నిలబడి "వదినా, ఆసుపత్రి కోట్లవాళ్ళొచ్చారు" అని ఆమె వేసే కేక విని విని కోట్లవాళ్ళూ వదిన అన్నారు. పక్క కొట్టు తాళాలవాడూ అన్నాడు. ఆఖరికి కరెంటు రీడింగు తీసే ముసలాయన కూడా, కూతురి వయసు మనిషిని పట్టుకుని, "వదినా, మీటరు ఎక్కడ?" అన్నాడు.

కొట్టులో పనిచేసేది ముగ్గురే. వదిన బొమ్మలు గీసేది. ఆడపడుచు గిరాకీలతో మాట్లాడేది. భర్త మిషను చూసుకునేవాడు. కంప్యూటర్లో గీసిన బొమ్మను ఆ మిషను గుడ్డ మీద దారంతో కుట్టేది. ఆసుపత్రి కోట్ల మీద గుర్తులు, బడిపిల్లల జేబుల మీద అక్షరాలు, తువ్వాళ్ళ అంచుల్లో తీగలు.

వదిన లోపలి గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. ఏ ఆకులో కుట్టు ఎటు వాలాలో, దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడాలో గంటల తరబడి చూసుకునేది. గీయడం అయ్యాక దాన్నుంచి మిషనుకు అర్థమయ్యే మరో ఫైలు తీసేది. ఆ రెండో ఫైలునే ఆడపడుచు పెన్‌డ్రైవులో ఎక్కించుకుని ముందు గదిలోకి వెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టేది. రోజంతా అదే దారి.

కంప్యూటరు రాకముందు వదినకు చేతికుట్టే వచ్చు. కొన్న కొత్తలో మౌసును చూసి జంకేది. "మా వదిన మౌసును దువ్వుతుందే గాని నొక్కదు" అని ఆడపడుచు ఇప్పటికీ గిరాకీల ముందు ఎగతాళి చేసేది. వదిన కూడా నవ్వేది.

ఆ కంప్యూటరు ముసలిదైంది. బొమ్మ తెరవమంటే తెల్లమొహం వేసుకుని కూర్చునేది.

"పెళ్ళైన మగాడిలా ఉంది వదినా. పదిసార్లు పిలిస్తే గాని పలకదు" అంది ఆడపడుచు.

"వింటున్నా" అన్నాడు భర్త, మిషను దగ్గర్నుంచి.

"విన్నావు సరే, పలికావా?"

"దీని నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడతను. ముగ్గురూ నవ్వారు.

అంతా చెరిపేసి సిస్టమ్‌ను మొదటి నుంచి కొత్తగా ఎక్కిస్తే పరిగెడుతుందని చెప్పింది ఆడపడుచే. ఆ పని వదినకు తెలుసు. బెంగల్లా బొమ్మల గురించే. ఇన్నేళ్ళుగా గీసినవన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. మరెక్కడా లేవు. అవి పోతే కొట్టులో మిగిలేది కుర్చీలూ దారాలే.

"ఆ బడివాళ్ళ జేబులకు వేలాడే దారాలు నువ్వు కత్తిరించు వదినా. ఈలోపు బొమ్మలన్నీ నేను బయటి డ్రైవులోకి ఎక్కిస్తా. పెన్‌డ్రైవు మోసీ మోసీ నాకు అలవాటేగా."

మధ్యాహ్నానికి పని అయిపోయిందని చెప్పింది.

"అన్నీ వచ్చాయా?"

"అన్నీ వచ్చాయి. నువ్వు నిద్రపోతూ గీసినవి కూడా వచ్చాయి."

వదిన మళ్ళీ చూడలేదు. చూస్తే ఆ పిల్లను అనుమానించినట్టు ఉంటుందనుకుంది.

ఏ భాగం చెరపాలని తెర అడిగింది. వదిన అన్నీ ఎంచుకుంది. ఇందులో ఉన్నదంతా మళ్ళీ దొరకదు, సరేనా అని తెర మళ్ళీ అడిగింది. అక్కడ వదిన చెయ్యి ఆగింది. అప్పుడే భర్త టీ తెచ్చి పక్కన పెట్టాడు. అతను ఎన్నడూ టీ తెచ్చిన మనిషి కాదు.

"ఏంటీ మర్యాదలు?"

"తాగు, చల్లారిపోతుంది."

వెనకాల ఆడపడుచు నిలబడి ఉంది. వదినకు ఆ క్షణాన తన ఇల్లు నిండుగా అనిపించింది. సరే నొక్కింది.

కొత్త సిస్టమ్ వచ్చింది. తెర శుభ్రంగా వెలిగింది. బయటి డ్రైవు తగిలించి తెరిచింది. ఏమీ లేదు. తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. అప్పుడూ లేదు.

ఆడపడుచు భోరుమంది. "ఎక్కుతుండగా మధ్యలో ఆగిపోయినట్టుంది వదినా. నేనే సరిగ్గా చూసుకోలేదు. నన్ను కొట్టు." వదిన ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని ఊరుకోబెట్టింది. పోగొట్టుకున్నది తనేనన్న సంగతి ఆ పూట ఆమెకు గుర్తు రాలేదు.

మర్నాడు పెట్టెను బాగుచేసేవాడికి చూపించారు. చెరిపిన చోటే కొత్తది రాశారు కాబట్టి ఇక రావని చెప్పాడు.

తర్వాత ఆడపడుచుకు తలనొప్పులు మొదలయ్యాయి. కొట్టుకు రావటం తగ్గించి, మానేసింది. ఆసుపత్రివాళ్ళూ రావటం మానేశారు. బొమ్మలు పోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారని వదిన సర్దిచెప్పుకుంది.

ఒకరోజు మందుల షాపు వరసలో ముందు నిలబడిన నర్సు ఇటు తిరిగింది. కోటు జేబు మీద రెండు వైపులా ఆకులున్న ఆసుపత్రి గుర్తు ఉంది. కుడి ఆకుల్లో కుట్టు కిందికి వాలింది. ఎడమ చివరి ఆకులో మాత్రం పైకి లేచింది. గుడ్డ ముడత పడకుండా వదిన కనిపెట్టుకున్న ఉపాయం అది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

"ఈ కోటు ఎక్కడ కుట్టించారమ్మా?"

"రెండు వీధుల అవతల, కొత్త కొట్టులో. ఆ అమ్మాయి భలే గీస్తుందండీ."

వదిన మందులు కొనకుండానే ఇంటికొచ్చింది. భర్త భోజనం చేస్తున్నాడు.

"మీకు తెలుసా?" అంది.

ఏమిటని అతను అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఇంకా కాస్త నమ్మేది.

"అదీ బతకాలి కదా" అన్నాడు కంచంలోకి చూస్తూ. "నువ్వైతే మళ్ళీ గీసుకోగలవు. దానికేం వచ్చు చెప్పు?"

"నాతో ఒక్క మాట అంటే నేనే ఇచ్చేదాన్ని."

"ఇచ్చేదానివి కాదు."

వదిన ఆలోచించింది. ఇచ్చేదో లేదో ఆమెకూ తెలియలేదు. ఇక తెలిసే దారి కూడా లేదు.

"దాని నోట్లో నువ్వుగింజ నానదన్నారుగా. ఇన్నాళ్ళు ఎలా నానింది?"

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నెల తిరక్కుండానే ఆడపడుచు కొట్టుకు వచ్చింది. చేతిలో ఒక కోటు. గుమ్మం దగ్గరే ఆగి, వదిన ఏమీ అనకపోయేసరికి లోపలికి వచ్చింది.

"ఆసుపత్రివాళ్ళు వీపు మీద పెద్దగా కావాలన్నారు వదినా. సైజు పెంచితే ఇలా వస్తోంది."

వదిన కోటు పరిచింది. కుట్లు దువ్వెన పళ్ళలా దూరదూరంగా ఉన్నాయి. సందుల్లోంచి గుడ్డ కనిపిస్తోంది. ఆమెకు సంగతి అర్థమైంది. ఈ పిల్ల తీసుకెళ్ళింది రోజూ పెన్‌డ్రైవులో మోసిన ఫైళ్ళనే. అవి మిషను కోసం తీసినవి. సాగదీస్తే కుట్లు దూరమవుతాయి. సైజు మార్చాలంటే మొదట గీసిన ఫైలే కావాలి. అలాంటిదొకటి ఉంటుందని ఆడపడుచుకు తెలియలేదు. ఎప్పుడూ మోసింది కాదు మరి.

"నీ దగ్గర అసలుది ఉంటుందటగా? మిషను అమ్మినవాడు చెప్పాడు."

"ఉండేది."

"ఇప్పుడెక్కడుంది?"

"ఇందులోనే ఉండేది. నువ్వు నా వెనక నిలబడి చూస్తుండగానే తుడిచాను."

ఆడపడుచు కుర్చీలో కూలబడింది. బొమ్మలు తీసుకెళ్ళినప్పుడు రాని నిజం ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఈసారి వదిన చేతులు కదల్లేదు.

భర్త గుమ్మంలోకి వచ్చాడు. "పోనీ ఆ ఒక్కటీ గీసివ్వు. మన పిల్లేగా" అన్నాడు.

"నాకు చెప్పకుండా ఉండటం అన్నాచెల్లెళ్ళు బాగానే నేర్చుకున్నారు" అంది వదిన. "అడగకుండా ఉండటం కూడా నేర్చుకోండి."

"నా కడుపు కొడతావా వదినా?"

వదిన కోటు మడిచి ఆమె చేతికిచ్చింది. నలగకుండా, గిరాకీకి ఇచ్చినంత శ్రద్ధగా మడిచింది.

ఆడపడుచు వెళ్ళాక అతను లోపలి గదిలోకి వచ్చాడు. వదిన మళ్ళీ మొదటి నుంచి గీస్తున్న బడివాళ్ళ అక్షరాలు తెరిచి పనిలో పడింది.

"నాతో మాట్లాడవా?" అన్నాడు.

"మిషనుకు దారం మార్చండి. నీలం."

అతను వెళ్ళి నీలం ఎక్కించాడు. కాసేపటికి ఆమె ఎరుపు అంది. ఆ తర్వాత పసుపు.