మర్ఫా మోగగానే

గుర్రాల ఫొటోలు తీసే పనిలోకి కొత్తగా వచ్చిన రోజులవి. పోటీలకు పంపే ఫొటోలో గుర్రం చెవులు ముందుకు నిక్కబొడుచుకుని ఉండాలి. లేకపోతే ఎంత అందమైన గుర్రమైనా నీరసంగా కనిపిస్తుంది.

పాతబస్తీలో ఖాజా భాయ్ ఇంటి వాకిట్లో, ఆయన తెల్ల గుర్రం సుల్తాన్ ముందు కెమెరా పట్టుకుని నేలమీద కూర్చున్నాను. దాణా డబ్బా గలగలలాడించినా, ఫోన్లో సకిలింపు వినిపించినా అది చెవి కదపలేదు. విసుగొచ్చి, పెళ్లి ఊరేగింపులో, బరాత్‌లో వాయించే మర్ఫా డప్పుల మోత పెట్టాను. అది బరాత్‌లలో నాట్యం చేసే గుర్రమన్న సంగతి ఆ క్షణంలో తట్టనే లేదు.

సుల్తాన్ వెనక కాళ్లమీద నిలువునా లేచింది. నా తలపైన ఆకాశం లేదు, రెండు గిట్టలున్నాయి.

"హిల్నా మత్ అన్నా! కదలకు!" ఖాజా భాయ్ అరిచాడు.

గిట్టలు నా మోకాళ్లకు అటూ ఇటూ మెత్తగా దిగాయి. ఆయన నా ఫోన్ లాక్కుని మర్ఫా ఆపేశాడు.

"ఫికర్ జెయ్యకు. బరాత్‌ల పిల్లలు కాళ్లల్లకు ఉరికొస్తరు గద, మనిషుంటే అది కాలు మోపదు."

తలెత్తాను. సుల్తాన్ మెడ వంచి నన్నే చూస్తోంది. పొద్దుట్నుంచి నేను బతిమాలిన ఆ రెండు చెవులూ నావైపే నిక్కి ఉన్నాయి. కెమెరా ఒళ్లోనే ఉండిపోయింది.

నేను తీయని ఆ ఫొటోను మించింది ఇంతవరకు తీయలేకపోయాను.