సగంలో ఆగిన సమ్మెట

ఆ రోజు నేను సమ్మెట ఎత్తింది ఇనుము మీదికి కాదు, ఓదెలు కాక మీదికి. కొట్టాలని కాదు, జరంత భయపెట్టాలని.

గోదావరిఖనిలో మాది కొలిమి దుకాణం, ఇల్లు దాని వెనకనే. మా ఆయన వీరాచారి ఎర్రగ కాలిన ఇనుమును పటకారుతో దాగలి దిమ్మె మీద పట్టుకుంటడు, దెబ్బ ఎక్కడ పడాల్నో చిన్న సుత్తెతో తట్టి చూపిస్తడు. అక్కడ నేను సమ్మెట వేస్త. అయిదు కిలోల తల, నా నడుము దాటి వచ్చే కట్టె. బి.ఏ. చదివిన, సమ్మెట కొట్టిన. రెంటికీ పంచాయితి ఏంది?

ఓదెలు కాక బొగ్గు బాయిలో చేసి రిటైరైనోడు. గడ్డపారకు మొన పెట్టించుకోను వచ్చి, "ఆడిమనిషి దెబ్బకు మొన నిలుస్తదా? ఎవడన్న మొగోన్ని పిలువు చారీ" అన్నడు.

"దెబ్బ ఎట్లుంటదో నీ మీదనే చూపియ్యాల్నా కాకా?" అని సమ్మెట లేపిన. భుజం దాకా వచ్చి ఆగింది. లోపల ఎవరో గొళ్ళెం పెట్టినట్టు. కాక నవ్విండు. నొప్పి కంటే ఆ నవ్వే ఎక్కువ కాల్చింది.

నిజానికి కొప్పు వేసుకోను చెయ్యి వెనక్కి పోక అప్పటికే నెల దాటింది. పని ఎక్కువై పట్టుకుందిలే అనుకున్న. ఆ దినం సంది పాత చీర చింపి కుడి చెయ్యిని మెడకు కట్టేసుకొని రెండు నెలలు తిరిగిన. తెలంగాణ కోసం రోడ్ల మీద వంటలు వండుకుంటున్న దినాలవి. అందరూ కుడి చెయ్యి లేపి జై కొడితే నేను ఎడమది లేపిన. ఆఖరికి దువ్వెన కూడ తలదాకా పోని రోజున మా ఆయన దవాఖానకు తీస్కపోయిండు.

ఎక్స్‌రే, బ్లడ్ టెస్టు అయినంక డాక్టర్ సారు అన్నడు, "ఎముక మంచిగుంది. ఇది ఫ్రోజెన్ షోల్డర్, భుజం కీలు బిగుసుకపోవుడు. షుగర్ ఉన్నోళ్ళకు ఎక్కువ వస్తది."

"నాకు షుగర్ లేదు సార్."

"ఎప్పుడన్న టెస్టు చేయించుకున్నవా?"

"లేదు."

"మరి లేదని ఎట్ల తెలుసు?"

రిపోర్టు నా ముందట పెట్టిండు. ఫాస్టింగ్ షుగర్ రెండు వందలు దాటింది.

"చెయ్యి కట్టేసుకొమ్మని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తరు, నేనే."

"కదలకుంటె ఇంకా బిగుసుకుంటది. ఏడాది, ఏడాదిన్నర పట్టొచ్చు. ఫికర్ చెయ్యకు, శానమందికి మంచిగైతది."

"సమ్మెట ఎత్తుతనా సార్?"

"ముందుగాల దువ్వెన ఎత్తు."

షుగర్‌కు గోళీలు, భుజంలో ఒక ఇంజెక్షన్, రోజూ ఫిజియోథెరపీ. దుకాణంలో సమ్మెటకు మా ఆయన ఇంకొకాయనను పెట్టుకున్నడు. నేను స్టూలు మీద కూసోని చూసిన. ఇరవై ఏండ్ల జోడి మాది. ఆ దెబ్బ నాది కాకుంటే ఈ దుకాణంలో నేనెవర్ని? ఆ ముచ్చట ఎవరికీ చెప్పలే. చెప్తే ఏడుపు వస్తది, నాకు కొట్లాడుడే వచ్చు.

ఫిజియోథెరపీ నస్రీన్ మేడం నాకంటే చాలా చిన్నది. "అక్కా, ముందుకు వంగి చెయ్యి వేలాడెయ్. ఒక్క కిలో బరువు పట్టుకొని గడియారం లోలకం లెక్క ఊపు" అని చూపించింది. ఒక్క కిలో! కుర్చీల కూసోని పనిచేసేటోళ్ళకు చెప్పే లెక్క అది అనుకున్న. ఇంటికొచ్చి సమ్మెట కట్టె ఊడగొట్టి, తల కంతలో తాడు దూర్చి, అయిదు కిలోలు ఊపుడు మొదలుపెట్టిన. అది చూసి మా ఆయన చిన్న సుత్తెను దాగలి మీద పక్కకు పండబెట్టిండు.

మా పనిలో దానికి ఆపు అని అర్థం. ఆ సైగ అయినంక దెబ్బ వేస్తే ఆయన చేతికే ప్రమాదం. ఇరవై ఏండ్లలో నేను ఆయన మాట విన్నది అదొక్కటే. ఆ రోజు అది కూడ వినలే.

మూడు వారాలు చెయ్యి కదిలించనియ్యలే నొప్పి. నస్రీన్ నడుము మీద చేతులు పెట్టుకుంది. "జిద్దు చెయ్యకు అక్కా! కిలో బియ్యం కొంటే అయిదు కిలోలిస్తె తీస్కుంటవా?"

"ఎందుకు తీస్కోను? సంతోషంగ తీస్కుంట."

ఆమె నవ్వాపుకోలేక టేబుల్ పట్టుకుంది. అప్పటి సంది మాకు దోస్తానా కుదిరింది. ఆమె కిలో అంటే కిలో.

మా ఆయన గోడ మీద బొగ్గుతో గీతలు గీసిండు. సుత్తె దాగలి మీద ఒక్కసారి తట్టితే నా వేళ్ళు గోడెంబడి ఒక గీత పైకి పాకాలె. నేను తిట్టుకుంట పాకిన, ఆయన తట్టుకుంట కూసున్నడు. రాత్రిపూట అన్నం బంద్, జొన్నరొట్టె. పొద్దుగాల నడక. ఒకసారి రెండు నెలలు ఒకే గీత కాడ ఆగిన. గీత తప్పుగ గీసినవని ఆయనతోని పంచాయితి పెట్టుకున్న. ఆ తర్వాత కదిలింది. నా కొప్పు నేనే ముడుచుకున్న రోజు గల్లీ అంత తిరిగి, ఎవరూ అడగకున్నా వెనక్కి తిరిగి చూపించిన.

ఏడాది మీద నాలుగు నెలలకు డాక్టర్ సారు సమ్మెటకు సరే అన్నడు, "చిన్నదానితోని మొదలుపెట్టు." ఇంటికొచ్చేసరికి దాగలి పక్కన మూడు కిలోల కొత్త సమ్మెట, నున్నగ చెక్కిన కట్టె. మా ఆయన ఎప్పుడు చేసిండో నాకు తెల్వదు.

మొదటి గిరాకీ ఎవరనుకున్నరు? ఓదెలు కాకనే, అదే గడ్డపార పట్టుకొని.

"మొగోడు పెట్టిన మొన వంగింది బిడ్డా."

"బండ మీద గుద్దితే ఎవరు పెట్టినా వంగుతది కాకా. ఆయననేం అనకు."

"సరే తల్లీ, ఈసారి నువ్వే కొట్టు."

ఇనుము ఎర్రగయింది. సుత్తె తట్టింది. సమ్మెట భుజం దాటింది, తల దాటింది, పడింది. ఎనిమిది దెబ్బలు. మా ఆయన సుత్తె పక్కకు పండబెట్టిండు. ఇంకో పది వేసే బలం ఉండె. ఆపిన.

"అయిపోయిందా?" అన్నడు కాక.

"మొన అయిపోయింది. నా మాటలు కాలేదు, కూసో."

ఇప్పుడు రాష్ట్రం వచ్చింది. నేను పొద్దుగాల సమ్మెట పని చేస్త, మూడు నెలలకోసారి షుగర్ చూపించుకుంట. ఇది చదివేటోళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: చెయ్యి పైకి లేవకుంటే బట్టతోని కట్టెయ్యకుండ్రి, దవాఖానకు పోయి భుజంతోపాటు షుగర్ కూడ చూపించుకోండ్రి. అక్కడ కిలో ఎత్తుమంటే కిలోనే ఎత్తుండ్రి.