మస్తానన్న తిప్పిన స్క్రూ

పాత ఫ్లాపీ డ్రైవు తిరిగేటప్పుడు గరగరమని ఒక చప్పుడు చేస్తుంది. మొన్న అటక సర్దుతుంటే ఒకటి దొరికింది, కరెంటు పెట్టి చూశాను. ఆ చప్పుడు వినగానే నా కడుపుమంట మళ్లీ రాజుకుంది. మస్తానన్న పోయి నాలుగేళ్లయింది. పోయిన మనిషి మీద ఇంకా కుళ్లుకునేవాణ్ణి ప్రొద్దుటూరు మొత్తానికి నేనొక్కడినే అయ్యుంటాను.

ఆయన చదివింది ఏడో తరగతి. టేపురికార్డర్లు బాగుచేస్తూ కంప్యూటర్లలోకి వచ్చాడు. నేను డిప్లొమా చేసి ఆయన అంగట్లో పనికి చేరాను. తెలిసినదేదీ దాచుకోకుండా నేర్పాడు. అయినా వచ్చినవాళ్లంతా గడప దగ్గరే నిలబడి "మస్తానన్న లేడా?" అనేవాళ్లు. నేనున్నాను కదా అంటే, "మళ్లా వస్తాంలే అప్పా" అని వెళ్లిపోయేవాళ్లు. నా సర్టిఫికెట్టు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాను. దాని వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు.

పదేళ్ల కిందట ఖాసింబీ అనే ఆమె జమ్మలమడుగు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చింది. ఆమె కొడుకు కువైట్ పోవాలి. పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు కావాలి. వాడు చదివిన ప్రైవేటు బడి మూతపడింది, రిజిస్టర్లు చెదలు తిన్నాయి. పాత గుమాస్తా ఇంట్లో మిగిలినవి ఈ ముప్పై ఫ్లాపీలే. "నా బిడ్డ పేరు దీంట్లో యాడో ఒకచోట ఉంటాది నాయనా" అంది.

మా డ్రైవు వాటిలో ఒక్కటీ చదవలేదు. బడిలోని డ్రైవులో ఫ్లాపీ మీద రాసే, చదివే హెడ్డు పక్కకు జరిగి ఉండగా రాసినవని మస్తానన్న పసిగట్టాడు. మంచి డ్రైవును విప్పి, హెడ్డు దగ్గరి స్క్రూను వెంట్రుకవాసి తిప్పడం, చెవి పెట్టి వినడం, మళ్లీ తిప్పడం. మూడో రోజుకు ఫ్లాపీలు చదవసాగాయి. సగం అయ్యాయి, ఆ పేరు రాలేదు. అంతలో పులివెందులలో చుట్టాల పెళ్లికి ఆయన వెళ్లాడు.

మిగిలిన సగంలో ఆ పేరు నా చేతికి దొరకాలని నా ఆశ. హెడ్డు సంగతి ఆయన చెప్పాడు, సగం ఫ్లాపీలు చదవడమూ చూశాను గానీ, ఏడో తరగతి మనిషి మాట నాకు నమ్మబుద్ధి కాలేదు; తిన్నగా పెడితే ఇంకా బాగా చదువుతుందనుకున్నాను. పుస్తకం ముందు పెట్టుకుని హెడ్డును పద్ధతి ప్రకారం తిన్నగా సరిచేశాను. ఆ తర్వాత ఒక్క ఫ్లాపీ చదివితే ఒట్టు.

తిరిగొచ్చి చూశాడు. "ఎవురు ముట్టినారు దీన్ని?"

"నేనే అన్నా. సరిచేసినా."

"సరిగానే చేసినావప్పా. తప్పుగా రాసినదాన్ని తప్పుగానే చదవాల. కూచో, మళ్లా మొదట్నుంచి పడదాం."

తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఇరవై ఆరో ఫ్లాపీలో ఆ పిల్లవాడి పేరు తేదీతో సహా తెరమీదికి వచ్చింది.

ఖాసింబీ దాన్ని ప్రింటు తీసిన కాగితాన్ని కళ్లకద్దుకుని, ఎవరు తీశారని అడిగింది. మస్తానన్న టీ తాగుతూ గడ్డంతో నన్ను చూపించాడు. "ఈయప్పే. శానా కష్టపడినాడు." ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నేను కాదనలేదు. నేను అన్నేళ్లుగా ఏడ్చి కోరుకున్న మంచిపేరును టీ చుక్కంత సులువుగా ఇచ్చేసే మనిషంటే నాకు ఇంకా మండింది.

అప్పటినుంచి ఏటా రంజాన్‌కు ఆమె నా పేరున డబ్బాలో షీర్ ఖుర్మా పాయసం పంపుతుంది. మస్తానన్న ఉన్నన్నాళ్లూ ఆ డబ్బా తెరిచి నాకు వడ్డించింది ఆయనే. ఈ ఏడు ఆమె తానే తెచ్చింది. "ఆ పొద్దు టీ తాగుతా కూచోనుండె, ఆయప్ప ఎవురు నాయనా? కనపడ్డంలా."

"మా అంగట్లో పనిచేసేటోడు. పోయినాడు" అన్నాను.

అది ఆయన అంగడి. ఆయన కుర్చీలో కూర్చునే ఆ మాట అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను కానీ మాట దిద్దుకోలేదు. ఆమె డబ్బా కడిగి చేతికిచ్చి బస్సెక్కించాను.

ఖాసింబీకి చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇక్కడ రాస్తున్నాను. ఆ పేరు తీసింది మస్తానన్న.